మానని పుండుకు మాంసకృత్తుల మందు

ఎలుకపిల్లల కనురెప్పల వద్ద మొదలైన ఒక అన్వేషణ మధుమేహ రోగి అరికాలి దాకా వచ్చింది. ఆ ఔషధం చేయగలిగినది ఎంత? చేయలేనిది ఏమిటి?

అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల కళ్లు మూసుకొని ఉంటుంది. పన్నెండు, పద్నాలుగు రోజులు గడిస్తేగాని దాని రెప్పలు విడవవు. 1950 దశకంలో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఈ నియమం తప్పడం గమనించారు. ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని ఆయన పసికూనలకు ఇంజక్షన్‌గా ఇస్తున్నారు. ఆ కూనలు ఏడవ రోజుకే కళ్లు తెరిచాయి. పళ్లు కూడా గడువుకు ముందే మొలిచాయి.

ఆయన వెదుకుతున్నది నిజానికి ఇది కాదు. ఇటలీ నుంచి వచ్చిన రీటా లెవీ-మోంటాల్చీనీతో కలిసి, నరాల పెరుగుదలకు తోడ్పడే ఒక పదార్థాన్ని శుద్ధి చేయడం ఆయన పని. కూనల కళ్లు తెరిపించినది ఆ పదార్థం కాదనీ, సారంలో కలిసిపోయి ఉన్న మరొకటనీ తేలింది. తన పనికి సంబంధం లేదని కోహెన్ దానిని పక్కన పెట్టలేదు. దాని వెంటపడి, 1962 నాటికి వేరుచేసి లోకానికి చూపించారు. అది కేవలం 53 అమైనో ఆమ్లాల గొలుసుతో ఏర్పడిన చిన్న మాంసకృత్తు. పైచర్మపు కణాలను వృద్ధి చెందమని ప్రేరేపించడం దాని స్వభావం. అందుకే దానికి ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్ అని పేరు వచ్చింది, క్లుప్తంగా ఇ.జి.ఎఫ్. తెలుగులో చర్మ వృద్ధికారకం అనవచ్చు. 1986లో కోహెన్, లెవీ-మోంటాల్చీనీలకు కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది.

చర్మ కణాలను పెరగమని ఆదేశించే పదార్థం ఒకటి ఉన్నదని తెలిసిన తరువాత వైద్యులకు సహజంగానే ఒక ప్రశ్న తోచింది. నెలల తరబడి మానకుండా మొండికేసిన పుండు మీద ఆ పదార్థాన్ని ఉంచితే ఏమవుతుంది?

గాయం తనంతట తాను ఎలా మానుతుంది?

కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతుండగా వేలు తెగుతుంది. నెత్తురు చిమ్ముతుంది. కొన్ని క్షణాలలోనే ప్లేట్‌లెట్లనే సూక్ష్మమైన రక్తఫలకాలు అక్కడికి చేరి, ఒకదానికొకటి అంటుకుని, తెగిన రక్తనాళానికి బిరడా వేస్తాయి. అవి చేసే పని అంతే అని చాలాకాలం అనుకున్నారు. కాని నెత్తురు ఆగిన చోట ప్లేట్‌లెట్లు తమలో దాచుకున్న వృద్ధికారకాలను వెదజల్లుతాయి. అవి కూడా మాంసకృత్తులే. ఇరుగుపొరుగు కణాలకు అవి కబురు మోసుకుపోతాయి.

ఆ కబురు అందుకుని మొదట తెల్లకణాలు వస్తాయి. సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను శుభ్రం చేస్తాయి. రెండు మూడు రోజులు గడిచాక తంతుకణాలు వచ్చి కొలాజెన్ అనే నారను అల్లడం మొదలుపెడతాయి. సన్నని కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. గాయం అడుగున దానిమ్మ గింజల వలె ఎర్రని కొత్త కండ కనబడేది అప్పుడే. చివరకు అంచుల నుంచి పైచర్మపు కణాలు పాకుతూ వచ్చి గాయాన్ని మూసివేస్తాయి. అటుపైన నెలల పాటు లోపలి నార బిగుసుకుంటూనే ఉంటుంది. అయినా మానిన చర్మానికి పూర్వపు బలంలో సుమారు 80 శాతానికి మించి రాదు.

ఇందులో ప్రతి అంచె దాని ముందుదాని నుంచి సందేశం అందుకుంటుంది. ఒకచోట సందేశం తెగిపోతే ఆ పైది నడవదు.

మొండి పుండు

ఇటువంటి పుండును ఇంగ్లీషులో పిలిచే పేరు దాని వయస్సును మాత్రమే చెబుతుంది, దీర్ఘకాలంగా ఉన్నదని. మన పల్లెలలో వినిపించే 'మొండి పుండు' అన్న మాట దాని స్వభావాన్ని పట్టిస్తుంది. అనువాదాలు చేసేవారికి ఇటువంటి చోట్ల తెలుగు మాటే ఎక్కువ సత్యం చెబుతున్నదనిపిస్తుంది. సుశ్రుతుడు సైతం దుష్టవ్రణమని దానిని వేరుచేసి చెప్పి, వ్రణాలకు అరవై విధాల ఉపక్రమాలను లెక్కించాడు.

మొండి పుండ్లలో ముఖ్యమైనవి నాలుగు. మధుమేహ రోగుల పాదాలకు వచ్చేవి మొదటివి. కాళ్లలోని సిరలు చెడి, నెత్తురు నిలవ ఉండటం వల్ల చీలమండ పైన వచ్చేవి రెండవవి. మంచం పట్టినవారికి నడుము కింద, మడమల వద్ద ఒత్తిడి వల్ల పడేవి మూడవవి. కుష్ఠువ్యాధి వల్ల స్పర్శ పోయిన పాదాలకు వచ్చేవి నాలుగవవి.

వీటిలో మనదేశాన్ని ఎక్కువగా కలవరపెడుతున్నది మొదటి రకం. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగి, 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో మధుమేహంతో జీవిస్తున్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. మధుమేహం ఉన్న ప్రతి వందమందిలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడేవారు 19 నుంచి 34 మంది వరకు ఉంటారని నిపుణుల అంచనా. మధుమేహం వల్ల కాలు తీసివేయవలసి వచ్చినవారి చరిత్ర పరిశీలిస్తే, నూటికి ఎనభైమందికి పైగా విషయంలో మొదట ఉన్నది ఒక చిన్న పుండే. చెప్పులో దూరిన గులకరాయి, కొత్త బూటు ఒరిపిడి, గోరు తీసుకుంటుండగా తెగిన చర్మం వంటి చిన్న కారణాలే దానికి మొదలు.

ఆ పుండు ఎందుకు మానదు? 1990 దశకం తొలినాళ్లలో శాస్త్రజ్ఞులు ఒక సులువైన పరీక్ష చేసి చూశారు. మామూలు శస్త్రచికిత్స గాయం నుంచి ఊరే ద్రవాన్ని ప్రయోగశాలలో పెంచుతున్న తంతుకణాలపై పోశారు. అవి చురుకుగా వృద్ధి చెందాయి. మొండి పుండు నుంచి కారే రసిని పోశారు. కణాల వృద్ధి మందగించింది. ఆ రసిని పరీక్షిస్తే అందులో మాంసకృత్తులను తునకలు చేసే ఎంజైములు మితిమీరి ఉన్నాయి. శుభ్రం చేయడానికి వచ్చిన తెల్లకణాలు పని ముగిసినా వెనుదిరగకుండా అక్కడే తిష్ఠవేసి, ఆ ఎంజైములను కుమ్మరిస్తూనే ఉన్నాయి. శరీరం పంపిన వృద్ధికారకాలను, తంతుకణాలు అల్లిన నారను అవి ఎప్పటికప్పుడు నమిలివేస్తున్నాయి.

కబురు పంపేవాడున్నా ఉత్తరాన్ని దారిలో చించివేసేవాళ్లు ఉన్నారన్న మాట. ఈ రంగంలో ఇప్పటిదాకా ఎదురైన ఆశలకు, ఆశాభంగాలకు చాలావరకు మూలం ఇక్కడ ఉన్నది.

ఈస్టు కణాల నుంచి వచ్చిన జెల్

ప్లేట్‌లెట్ల రహస్యం బయటపడింది 1974లో. అమెరికాలోని సియాటిల్‌లో రసెల్ రాస్, ఆయన సహచరులు ఒక విచిత్రాన్ని గమనించారు. గడ్డకట్టిన నెత్తురు నుంచి తీసిన ద్రవంలో కణాలు చక్కగా పెరుగుతున్నాయి. ప్లేట్‌లెట్లు లేకుండా వేరుచేసిన ప్లాస్మాలో పెరగడం లేదు. అంటే పెరుగుదలకు కావలసినది నెత్తురు గడ్డకట్టే సమయాన ప్లేట్‌లెట్ల నుంచి విడుదల అవుతున్నదని అర్థం. ఆ పదార్థానికి పి.డి.జి.ఎఫ్. అని పేరు పెట్టారు. ప్లేట్‌లెట్ల నుంచి పుట్టిన వృద్ధికారకమని దాని భావం.

జన్యువులను ఒక జీవి నుంచి మరొక జీవిలోకి చేర్చే విద్య చేతికి రావడంతో, మానవ పి.డి.జి.ఎఫ్. జన్యువును ఈస్టు కణాలలో ఉంచి ఆ మాంసకృత్తును పెద్ద ఎత్తున తయారు చేయగలిగారు. దానితో చేసిన జెల్‌ను బెకాప్లెర్మిన్ అన్నారు. మధుమేహ రోగుల పాదపు పుండ్లకు వాడవచ్చునని 1997 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మొండి పుండుపై పూయడానికి అక్కడ అనుమతి పొందిన మొదటి వృద్ధికారకం అది.

దాని ఫలితం ఎంత? 1998లో ప్రచురించిన ప్రధాన పరీక్షలో 382 మంది రోగులు పాల్గొన్నారు. జెల్ వాడినవారిలో 20 వారాలకు నూటికి 50 మందికి పుండు పూర్తిగా మానింది. మందు లేని ఉత్త జెల్ వాడినవారిలో నూటికి 35 మందికి మానింది. నూటికి అదనంగా 15 కాళ్లు తేరుకోవడం తక్కువ విషయం కాదు.

అయితే ఆ 35 మందిని గురించి కూడా ఆలోచించాలి. వారికి మందు పడలేదు. అయినా పుండు మానింది. పరీక్షలో చేరిన ప్రతివారికీ క్రమం తప్పకుండా దుర్మాంసం తీసివేశారు; శుభ్రమైన తడి కట్టు కట్టారు; పుండు మీద బరువు పడకుండా జాగ్రత్తలు చెప్పారు. వారిని మాన్పినది ఆ సేవే.

ఈ మందుపై అంతకుముందే జరిగిన 118 మంది రోగుల పరీక్షను డేవిడ్ స్టీడ్ అనే శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు మళ్లీ తిరగవేసి చూశారు. 1996లో వెలువడిన వారి విశ్లేషణ ప్రకారం, చచ్చిన కండను తరచుగా కత్తితో తొలగించిన ఆస్పత్రులలో పుండ్లు ఎక్కువగా మానాయి. ఆ పని తక్కువగా చేసిన చోట్ల మానినవీ తక్కువే. జెల్ ఒకటే, ఫలితాలలో తేడా మాత్రం చేతి పనిని బట్టి వచ్చింది. దుక్కి దున్నని చేలో మేలైన విత్తనం చల్లితే ఏమవుతుందో రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ జెల్ కథలో భయం గొలిపిన అధ్యాయం కూడా ఒకటి ఉన్నది. కణాలను పెరగమనే పదార్థం కేన్సరు కణాలను కూడా పెంచదా అన్న సందేహం మొదటి నుంచీ ఉండేది. మూడు గొట్టాలు, అంతకు మించి వాడినవారిలో కేన్సరు మరణాలు ఎక్కువగా కనబడ్డాయని 2008లో మందు పెట్టెపై తీవ్రమైన హెచ్చరిక ముద్రించారు. తరువాత సాగిన పరిశీలనలలో ఆ భయం బలపడలేదు; 2018లో ఆ హెచ్చరికను తొలగించారు. పూయదలచిన చోట కేన్సరు కంతి ఉన్నవారికి మాత్రం దీనిని వాడకూడదన్న నియమం అలాగే ఉన్నది.

హవానా నుంచి హైదరాబాదు వరకు

కోహెన్ కనిపెట్టిన ఇ.జి.ఎఫ్.కు మందుగా రూపం ఇవ్వడంలో ముందు నడిచినవారిలో క్యూబా శాస్త్రజ్ఞులు ఉన్నారు. ఆ చిన్న దేశం 1986లో హవానాలో జన్యు ఇంజనీరింగు, జీవసాంకేతిక కేంద్రాన్ని ప్రారంభించింది. అక్కడ హోర్హే బెర్లాంగా బృందం రసిలోని ఎంజైముల సమస్యను నేరుగా ఎదుర్కొన్నది. పైన పూసిన మందును రసి నమిలివేస్తుంది. కనుక పుండు అడుగున, అంచులలో సూదితో లోపలికే ఎక్కించాలన్నది వారి ఆలోచన. వారానికి మూడుసార్లు ఇచ్చే ఆ ఇంజక్షన్ హెబెర్‌ప్రోట్-పి. 2006లో క్యూబాలో దానికి అనుమతి లభించింది. తరువాత అనేక దేశాలకు వెళ్లింది.

హైదరాబాదుకు కూడా ఈ కథలో భాగం ఉన్నది. నగరానికి చెందిన భారత్ బయోటెక్ సంస్థ ఇ.జి.ఎఫ్.ను జెల్ రూపంలో 'రీజెన్-డి' అన్న పేరుతో తయారు చేసింది. మధుమేహ పాదవ్రణాలపై దాని పరీక్షా ఫలితాలు 2006లో చెన్నై వైద్యుల ద్వారా వెలువడ్డాయి. పి.డి.జి.ఎఫ్. జెల్‌ను డాక్టర్ రెడ్డీస్ సంస్థ 'ప్లెర్మిన్' పేరుతో విపణిలోకి తెచ్చింది. ఈ మందులు మాంసకృత్తులు కనుక వేడిని ఓర్వవు. చల్లని చోట భద్రపరచవలసినవి. కరెంటు నిలకడగా లేని ఊళ్లలో ఇది చిన్న సమస్య కాదు.

కంగారూ తోక, తోళ్ల పరిశోధన

వృద్ధికారకాలు కబురు మోసే మాంసకృత్తులైతే, కొలాజెన్ కట్టడానికి పనికివచ్చే మాంసకృత్తు. మన శరీరంలో అన్నిటికంటె అధికంగా ఉన్నది అదే. దాని నిర్మాణ రహస్యం మన దక్షిణ దేశంలోనే విడివడింది. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా దాని ఆకృతిని ప్రతిపాదించి, మరుసటి సంవత్సరం మెరుగుపరిచారు. మూడు పేటల జడ వలె మూడు గొలుసులు ఒకదానినొకటి పెనవేసుకొని ఉంటాయని వారు తేల్చారు. వారి ఎక్స్-రే పరీక్షకు పనికివచ్చిన నమూనా కంగారూ తోకలోని స్నాయువు. అది వారికి అందినది పొరుగునే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ నుంచి.

ఆ సంస్థ చేస్తున్నది తోళ్ల పని. తోలు అంటేనే కొలాజెన్. అప్పటి గుంటూరు జిల్లాలోని యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా ఉండి, దానికి ప్రపంచఖ్యాతి తెచ్చారు. చెప్పులకు, సంచులకు తోలు పదును పెట్టడం నేర్పిన ఆ సంస్థ శాస్త్రజ్ఞులే కాలక్రమాన అదే పదార్థం నుంచి కాలిన గాయాలకు, పుండ్లకు కట్టదగిన పలుచని కొలాజెన్ పొరలను రూపొందించారు.

ఈ పొర పుండు మీద చేసే పని రెండు విధాలు. కొత్త కణాలు పాకడానికి పందిరిగా నిలుస్తుంది. అంతకు మించి, ఆకలిగొన్న ఎంజైములకు తానే ఎర అవుతుంది. అవి ఈ పొరను నములుతూ ఉన్నంతసేపు శరీరం పంపిన వృద్ధికారకాలకు కొంత ఊపిరి దొరుకుతుంది.

ఎంజైములు ఎప్పుడూ శత్రువులేనా అంటే, అదీ కాదు. క్లాస్ట్రీడియం అనే సూక్ష్మజీవి నుంచి తీసిన కొలాజనేజ్ లేపనం, కత్తి పెట్టడానికి వీలులేని పుండ్లలో దుర్మాంసాన్ని కరిగించడానికి వాడుకలో ఉన్నది. పచ్చి బొప్పాయి పాలలోని పపెయిన్ కూడా ఇదే పని చేస్తుంది. అయితే అనుమతి లేకుండా అమ్ముతున్న పపెయిన్ లేపనాల వల్ల కొందరికి ప్రాణం మీదికి వచ్చే ప్రతిచర్యలు కలిగాయని 2008లో అమెరికా ప్రభుత్వం వాటిని నిలిపివేయించింది. పెరటి బొప్పాయి పాలను పుండు మీద పిండుకోవడం క్షేమం కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

వెల్లూరు నేర్పిన పాఠం

ఇంత ఖరీదైన మందుల మధ్య అతి చవకైన చికిత్స ఒకటి ఉన్నది. దాని పుట్టుక మన ప్రాంతంలోనే.

1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు పాల్ బ్రాండ్ అనే యువ శస్త్రవైద్యుడు వచ్చారు. తమిళదేశపు కొల్లి కొండలలో పుట్టిన ఆంగ్లేయుడాయన. కుష్ఠురోగుల చేతివేళ్లు, పాదాలు కృశించడానికి కారణం కండ కుళ్లడమేనని ఆనాటి నమ్మకం. బ్రాండ్ రోగులను దగ్గరగా గమనించి వేరే సంగతి చూశారు. వారి నరాలు చచ్చి నొప్పి తెలియకపోవడమే అనర్థానికి మూలం. కాలిలో మేకు దిగినా తెలియదు. పుండు మీదనే నడుస్తారు. నొప్పి ఉన్న మనిషి కుంటుతాడు. ఆ కుంటే నడకే పుండుకు విశ్రాంతి. నొప్పి లేనివానికి ఆ విశ్రాంతి దొరకదు.

మధుమేహ రోగి పాదంలో జరిగేది కూడా ఇదే. అటువంటి పాదానికి మోకాలి కింది వరకు సరిగ్గా అతుక్కునేలా ప్లాస్టర్ కట్టు వేస్తే బరువు పాదమంతటికీ, పిక్కకూ పంచుకుపోయి పుండుకు తెరిపి కలుగుతుంది. 1930 దశకంలో సింహళంలో మిల్రాయ్ పాల్, భారతదేశంలో జోసెఫ్ ఖాన్ కుష్ఠురోగులకు ఈ పద్ధతి వాడారు. దానిని బ్రాండ్ తనతో అమెరికాకు తీసుకుపోయారు. లూయిసియానాలోని కార్‌విల్ ఆస్పత్రి నుంచి అది మధుమేహ వైద్యంలో అడుగుపెట్టింది.

2001లో అమెరికాలో 63 మంది రోగులపై జరిగిన పరీక్షలో, ఈ ప్లాస్టర్ కట్టుతో 12 వారాలలో నూటికి 90 మందికి దాదాపుగా పుండు మానింది. విప్పి పెట్టుకోదగిన బూటు ఇచ్చినవారిలో 65 మందికి, సగం చెప్పు ఇచ్చినవారిలో 58 మందికి మాత్రమే మానింది. వీరు చీము, రక్తప్రసార లోపం లేని రోగులు. కనుక జెల్ పరీక్షలోని అంకెలతో వీటిని సరాసరి పోల్చరాదు. అయినా విప్పడానికి వీలులేని కట్టే ఎక్కువ మేలు చేసిందన్న సంగతి మరువరానిది. మనిషి ఎంత బుద్ధిమంతుడైనా, నొప్పి లేని కాలిని నేలపై మోపకుండా ఉండటం అతనికి అసాధ్యం.

రోగి నెత్తుటి నుంచే మందు

2018లో యూరపు నుంచి మరొక ఆశాజనకమైన ఫలితం వెలువడింది. రోగి చేతి నుంచి కొద్దిగా నెత్తురు తీసి, యంత్రంలో గిరగిర తిప్పుతారు. అందులోని తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే మాంసకృత్తు కలిసి చిన్న బిళ్లగా ఏర్పడతాయి. ఆ బిళ్లను పుండు మీద ఉంచి కట్టు కడతారు. వారానికొకసారి కొత్త బిళ్ల. మంచి సేవ అందించినా మానని పుండ్లనే ఎంచుకుని చేసిన ఈ పరీక్షలో, 20 వారాలకు బిళ్ల పెట్టినవారిలో నూటికి 34 మందికి, పెట్టనివారిలో 22 మందికి పుండు మానింది. బయటి నుంచి తెచ్చిన ఒక్క వృద్ధికారకానికి బదులు శరీరం తానే కూర్చుకున్న మిశ్రమం ఇందులో ఉన్నది.

మధుమేహ పాదాన్ని గురించి దేశదేశాల నిపుణుల బృందం 2023లో ప్రకటించిన మార్గదర్శకాలు ఈ నలభై ఏండ్ల అనుభవాన్ని నిర్మొహమాటంగా తూచాయి. వృద్ధికారకాల మందులను మామూలుగా అందరికీ వాడవద్దని అవి చెబుతున్నాయి. వాటికి అనుకూలంగా ఉన్న సాక్ష్యం చాలినంత గట్టిది కాదని వారి నిర్ణయం. రోగి నెత్తుటితో చేసిన బిళ్లను మాత్రం, ఉత్తమమైన సేవ తరువాత కూడా మానని పుండ్లకు, తగిన సదుపాయాలున్న చోట ఆలోచించవచ్చునన్నాయి.

దీన్నిబట్టి వృద్ధికారకాలు వమ్మయ్యాయని అనుకోనవసరం లేదు. పుండు ఎందుకు మానదన్న ప్రశ్నకు నేడు మనకున్న సమాధానంలో పెద్ద భాగం వాటిని వెదకడంలోనే దొరికింది. కాని జెల్ గొట్టం చేతికి ఇచ్చి, మిగిలినది దైవానికి వదిలిపెట్టే చికిత్స చికిత్స కాదు. కాలికి నెత్తురు అందుతున్నదా? చీలమండ దగ్గర, చేతి దగ్గర రక్తపోటును పోల్చి చూశారా? ఎముకకు చీము పట్టిందా? దుర్మాంసం తీశారా? పుండు మీద బరువు పడకుండా ఏర్పాటు చేశారా? చక్కెర అదుపులో ఉన్నదా? ఖరీదైన మందు చీటీ అందుకునే ముందు ఈ ప్రశ్నలు అడిగే హక్కు రోగికి ఉన్నది. నాలుగు వారాల మంచి చికిత్స తరువాత పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే, అది మానే అవకాశం తక్కువని ఒక అధ్యయనం 2003లో తేల్చింది. కనుక పక్షానికొకసారి పుండును కొలిచి రాసి ఉంచమని డాక్టరును కోరండి. నెల గడిచినా మార్పు లేకపోతే అదే కట్టు మళ్లీ మళ్లీ కట్టించుకుంటూ కూర్చోవద్దు.

పథ్యం, పసుపు, పక్కు

మన ఇళ్లలో పాతుకుపోయిన మూడు నమ్మకాలను గురించి ఇక్కడ చెప్పక తప్పదు.

పప్పు, గుడ్డు, మాంసం తింటే పుండు చీము పడుతుందని పెద్దలు రోగికి పథ్యం పెడతారు. ఇది పూర్తిగా తలకిందులు. కొలాజెన్ అల్లడానికి కావలసిన ముడి సరుకు మాంసకృత్తులే. అవి ఆహారం నుంచే రావాలి. చారన్నంతో సరిపెట్టుకునే రోగి పుండు ఎండిన చేను వంటిది. మూత్రపిండాలు చెడినవారు మాత్రం ఎంత తినవచ్చునో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఇక వృద్ధికారకాలను తిని ప్రయోజనం లేదు. కడుపులో పడిన మాంసకృత్తు ఏదైనా ముక్కలై జీర్ణమైపోతుంది. అందుకే వాటిని పుండు మీద పూయాలి, లేదా పుండులోకి ఎక్కించాలి.

పుండు కనబడగానే పసుపో, కాఫీపొడో, ఆకుపసరో అద్దడం రెండవ అలవాటు. లోతు ఎంతో, రంగు ఏమిటో డాక్టరు చూడటానికి వీలులేకుండా చేయడం దాని మొదటి కీడు. సూక్ష్మజీవులను తెచ్చిపెట్టడం రెండవ కీడు.

పుండును గాలికి ఆరబెట్టి పక్కు కట్టనివ్వాలన్నది మూడవది. 1962లో జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందులపై ప్రయోగం చేసి, పలుచని పాలిథీన్ పొర కప్పి తడిగా ఉంచిన గాయంపై కొత్త చర్మం ఆరబెట్టిన దానికంటె సుమారు రెట్టింపు వేగంతో పాకుతుందని చూపించాడు. చర్మ కణాలు పొడి పక్కు మీద పాకలేవు. దాని అడుగున తడి వెదుక్కుంటూ చుట్టుదారి పట్టవలసి వస్తుంది. ఈనాటి మంచి కట్లన్నీ ఆ తడిని మితంగా నిలిపి ఉంచేవే. అయితే నెత్తురు అందక నల్లబడి ఎండిన కాలివేలి విషయం వేరు. దానిని తడపరాదు; వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మధుమేహం ఉన్నవారికి అసలైన రక్షణ పుండు పడకముందే ఉన్నది. ఇంట్లోనైనా వట్టి కాళ్లతో తిరగవద్దు. చెప్పులు తొడుక్కునే ముందు వాటిని విదిలించి, లోపల చేయి పెట్టి చూడాలి. కుష్ఠురోగుల కోసం మనదేశంలో వాడుకలోకి తెచ్చిన మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు మధుమేహ రోగులకూ ఉపకరిస్తున్నాయి. వేడి నీళ్లలో కాలు పెట్టే ముందు మోచేతితో వేడి చూసుకోవాలి. ఆనెలను ఇంట్లో బ్లేడుతో కోసుకోరాదు. ఏడాదికొకసారి డాక్టరు సన్నని నైలాను పోగుతో అరికాలి స్పర్శను పరీక్షించాలి. అరనిమిషం పట్టని ఆ పరీక్ష, పాదానికి నొప్పి తెలుస్తున్నదో లేదో చెప్పివేస్తుంది.

రాత్రి పడుకోబోయే ముందు దీపం దగ్గర కూర్చుని రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూసుకోండి. వంగలేనివారు నేల మీద అద్దం ఉంచి చూడవచ్చు. చూపు ఆననివారికి ఇంట్లో మనవడో మనవరాలో చూసి చెప్పవచ్చు. ఎర్రని మచ్చ, చిన్న బొబ్బ, చీరిన చర్మం ఏది కనబడినా, నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు. నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాద సూచన. మరునాడు ఉదయమే డాక్టరుకు చూపించండి.